స్టిక్కర్ హెడ్‌లైట్లు

2023 డిసెంబరులో షెవర్లే వాళ్ళు కమారో తయారీ ఆపేశారు. మిగిలిపోయినవి అమ్ముకోవడమే తప్ప ఫ్యాక్టరీ నుంచి కొత్తది రాదు. కానీ 2024 లోనూ, 2025 లోనూ నాస్కార్ రేసు పెట్టినప్పుడల్లా డజనుకి పైగా కమారోలు గిరగిరా తిరుగుతూనే ఉన్నాయి. ఆ రేసుకి వాళ్ళు పెట్టుకున్న పేరేమో స్టాక్ కార్ రేసింగ్. స్టాక్ అంటే షోరూములో స్టాకులో ఉన్న బండి అని అర్థం. మన భాషలో చెప్పాలంటే స్టాక్ ఆండ్రాయిడ్ లాంటిది, కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే, ఎవరూ చెయ్యి పెట్టనిది. ఇప్పుడు స్టాకులో లేని స్టాకు కారు! పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు కదా, ఇక్కడ దిబ్బ కూడా లేదు, అసలు ఊరే లేదు.

ఈ మాట మా బావ ముందు అంటే ఊరుకోడు. మా అక్కా బావా ఉండేది షార్లెట్‌లో. అక్కడి బ్యాంకుల్లో పనిచేసే తెలుగువాళ్ళ గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు. కానీ ఆ ఊరికి ఇంకో పేరు కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ కోర్సులకి అమీర్‌పేట ఎలాగో నాస్కార్‌కి షార్లెట్ అలాగ. జట్ల వర్క్‌షాపుల్లో చాలా భాగం ఆ చుట్టుపక్కలే. నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్నది కూడా అక్కడే. మా బావ కారు టొయోటా కామ్రీ (అమెరికా వెళ్ళిన తెలుగువాడి మొదటి కారు కామ్రీయో, కరోలాయో, అకార్డో కాకపోతే పెళ్ళి సంబంధాలు రావని నా అనుమానం). 2016, 2019, 2020 డేటోనా 500 రేసుల్లో డెన్నీ హామ్లిన్ గెలిచింది కామ్రీలోనే కాబట్టి, "నా కారే గెలిచిందిరా" అంటాడు బావ. పాలు తెచ్చుకోడానికి ఇండియన్ స్టోర్‌కి వెళ్ళే కారు అది.

నేనేమో మెకానికల్ చదివి జావాలో తేలినవాణ్ణి. ఫైనలియర్‌లో బాహా పోటీకి చిన్న బండి తయారుచేసిన బ్యాచ్ మాది. ఆ తర్వాత మైత్రీవనం వెనక సందులో నాలుగు నెలల కోర్సు, హాస్టల్లో ఆరుగురికి ఒక గీజరు, ఆపైన కథ మీ అందరికీ తెలిసిందే. నాలుగేళ్ళు నేర్చుకున్న ఇంజను చదువు ఇప్పుడు పనికొచ్చేది బావతో వాదించడానికి మాత్రమే. అందుకని కాస్త తీరిగ్గానే వాదిస్తాను.

బావ కామ్రీ 2025 మోడల్. ఆ మోడల్ నుంచి కామ్రీ అంటే హైబ్రిడ్డే, వేరే రకం లేదు. 2.5 లీటర్ల ఇంజను, నాలుగు సిలిండర్లు, మా బావ కారులో తిరిగేవి ముందు చక్రాలు. రేసు కామ్రీకి 8 సిలిండర్లు, 5.86 లీటర్లు, 2022 నిబంధనల ప్రకారం చాలా ట్రాకుల మీద 670 హార్స్‌పవర్, తిరిగేవి వెనక చక్రాలు. దానికి తలుపులు ఉండవు. డ్రైవరు కిటికీలోంచి దూరాలి. అన్నిటికంటే నాకు నచ్చింది హెడ్‌లైట్లు. అవి లైట్లు కాదు, స్టిక్కర్లు! అచ్చం కామ్రీ లైట్లలాగే ప్రింటు చేసి ముందు అతికిస్తారు. రాత్రి రేసులకి ట్రాకు మీదే స్టేడియంలాగా లైట్లు ఉంటాయి కాబట్టి బండికి అవసరం లేదు. అవసరం లేకపోతే వదిలెయ్యొచ్చు కదా? వదిలేస్తే అది కామ్రీ అని ఎవరు గుర్తుపడతారు!

ఏమాటకామాటే చెప్పుకోవాలి, మొదట్లో ఇలా లేదు. నాస్కార్ సంస్థ పుట్టింది 1948 ఫిబ్రవరిలో. ఆ మరుసటి ఏడాది 1949 జూన్ 19 న షార్లెట్‌లోనే మట్టి ట్రాకు మీద మొదటి 'స్ట్రిక్ట్‌లీ స్టాక్' రేసు పెట్టారు. పేరులోనే కచ్చితంగా స్టాక్ అని ఉందన్నమాట. ఆ రేసులో అందరికంటే ముందొచ్చింది గ్లెన్ డనవే అనే ఆయన, 1947 ఫోర్డు బండిలో. రేసయ్యాక బండి కిందకి దూరి చూస్తే వెనక స్ప్రింగుల దగ్గర ఎవరో చెయ్యి పెట్టినట్టు తేలింది. ఆ రోజుల్లో నాటుసారా మోసే బండ్లకి చేసే పని అది, బరువేసినా వెనక కుంగకుండా, పోలీసులు వెంటపడితే మలుపుల్లో ఒరగకుండా. అంతే, డనవేని తీసేసి రెండో స్థానంలో ఉన్న జిమ్ రోపర్‌ని విజేతగా ప్రకటించారు. రోపర్ నడిపింది లింకన్ కారు. ఒక్క స్ప్రింగు మార్చినందుకు మొదటి రేసు మొదటి బహుమతి పోయింది. ఇప్పటి రేసు కామ్రీని ఆ రోజు తనిఖీ చేసినవాళ్ళ ముందు పెడితే ఏమనేవాళ్ళో! ఈ కథంతా బావ ఊరిదే, ఆయనకి చెప్పింది మాత్రం నేను :)

ఆదివారం ఏ కారు గెలిస్తే సోమవారం షోరూములో ఆ కారు అమ్ముడుపోతుంది అని అమెరికాలో ఒక నానుడి పుట్టింది. ఆ ఆశతో కంపెనీలు ఎంతదాకా వెళ్ళాయంటే, 1969 లో డాడ్జ్ వాళ్ళు చార్జర్ డేటోనా అని ఒకటి తీశారు. ముందు సూదిముక్కు, వెనక రెండు స్తంభాల మీద ఎత్తుగా రెక్క. రేసులో పెట్టాలంటే అలాంటివి కనీసం 500 తయారుచేసి జనానికి అమ్మాలని రూలు. ఆ పక్కేడు ప్లిమత్ సూపర్‌బర్డ్ వచ్చేసరికి రూలు ఇంకా బిగించారు, డీలర్ల సంఖ్యలో సగం బండ్లు తయారుచెయ్యాలన్నారు. అవి సుమారు 1,920 తయారయ్యాయి. ఆ రెక్కేసుకుని కూరగాయలకి వెళ్ళిన అమెరికన్లు నిజంగానే ఉన్నారన్నమాట. చార్జర్ డేటోనాలో బడ్డీ బేకర్ 1970 మార్చిలో టల్లడేగా ట్రాకు మీద గంటకి 200 మైళ్ళు దాటాడు. అంటే 320 కిలోమీటర్ల పైన. తర్వాత నాస్కార్ వాళ్ళే భయపడి, రెక్కల బండ్లకి చిన్న ఇంజనే పెట్టాలని 1971 లో రూలు మార్చడంతో ఆ ముచ్చట ముగిసింది.

నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో ముఖ్యమైన మాట ఆ '500 అమ్మాలి' అన్నదే. రేసు కోసం ఏం కనిపెట్టినా దాన్ని మామూలు మనిషికి అమ్మక తప్పని పరిస్థితి. ఆ పట్టు సడలాక రెండూ దేని దారి అది చూసుకున్నాయి. 1989 లో షెవర్లే లూమినా రేసులోకి వచ్చింది. షోరూములో దానికి ముందు చక్రాలు తిరుగుతాయి, రేసులో వెనకవి. ఎవరూ నోరెత్తలేదు. ఇంకో తమాషా చూడండి, నాస్కార్ కప్ బండ్లు 2011 దాకా కార్బ్యురేటర్ తోనే తిరిగాయి, ఫ్యూయెల్ ఇంజక్షన్ వచ్చింది 2012 లో. మన మారుతి 800 కే 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్ఐ వచ్చేసింది. అంతెందుకు, 2011 నుంచి వాళ్ళు రేసులో వాడేది 15 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2025 కల్లా మన పంజాగుట్ట బంకుల్లో పోస్తున్నది 20 శాతం కలిపినది. ఇథనాల్ విషయంలో మన యాక్టివాలే ముందున్నాయి. దాన్ని తల్చుకుని ఆనందించాలో ఏడవాలో మీ మైలేజీని బట్టి తేల్చుకోండి.

2007 లో 'కార్ ఆఫ్ టుమారో' అని తెచ్చారు. అందరి బండ్లకీ ఒకే కొలతలు, ఒకే ఆకారం. ఫోర్డు, షెవర్లే, డాడ్జ్, టొయోటా అని తేడా తెలిసేది ముక్కు మీది స్టిక్కర్లని బట్టే. అది చదివినప్పుడు నాకు అమీర్‌పేట ప్రాజెక్టులు గుర్తొచ్చాయి. మా బ్యాచ్‌లో ముప్పై మంది రెజ్యూమేల్లోనూ ముప్పై పేర్లతో ముప్పై ప్రాజెక్టులు. తెరిచి చూస్తే అన్నీ ఒకటే లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టం. ఒకడు 'బుక్' అన్న చోట 'పేషెంట్' అని మారిస్తే అది హాస్పిటల్ మేనేజ్‌మెంట్, ఇంకొకడు 'రూమ్' అంటే హోటల్ మేనేజ్‌మెంట్. పైన పటారం లోన లొటారం.

అభిమానులు గోల చేస్తే 2013 లో కంపెనీల మొహాలు మళ్ళీ వేరు చేశారు. 2022 లో వచ్చింది 'నెక్స్ట్ జెన్' కారు. ఇక్కడ బావకి కాస్త పాయింటుంది, కాదనను. పాత బండ్ల వెనక చక్రాలని లారీల్లోలాగా ఒకే ఇరుసు కలిపేది. కొత్తదానికి వెనక చక్రాలు దేనికది విడిగా కదిలే సస్పెన్షన్, 18 అంగుళాల అల్యూమినియం చక్రాలు, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగు. ఇవన్నీ రోడ్డు మీది కార్లలో ఎప్పుడో ఉన్నవే. అంటే స్టాక్ కారు స్టాకు కార్ల దగ్గరికి ఒక అడుగు వెనక్కొచ్చిందని ఒప్పుకోవచ్చు. కానీ చాసిస్ ముక్కలు, బాడీ, గేర్‌బాక్స్ అన్నీ నాస్కార్ నిర్ణయించిన ఒక్కొక్క సప్లయరు దగ్గరే కొనుక్కోవాలి. పూర్వం పెద్ద జట్లు తమ చాసిస్ తామే తయారుచేసుకునేవి. మన పరిభాషలో, సొంతంగా కోడు రాసుకునే కంపెనీలన్నిటికీ ఒకటే ప్యాకేజీ కొనిచ్చి కస్టమైజేషన్ నిషేధించినట్టు. ఖర్చు తగ్గుతుంది, అందరికీ గెలిచే అవకాశం ఉంటుంది. రేసు చూసేవాడికి మంచిదే. అది కామ్రీయా, ముస్టాంగా అన్న ప్రశ్నకి మాత్రం అర్థం ఉండదు. అసలు ముస్టాంగ్ 5 లీటర్ల వి8 ఇంజనుకి క్యామ్‌షాఫ్టులు పైన ఉంటాయి, రేసు ముస్టాంగ్ ఇంజనులో ఇప్పటికీ పాతకాలం పుష్‌రాడ్లే.

మరి స్టాకుగా ఎందుకు ఉంచలేదు అంటే, అతి ముఖ్యమైన కారణం ప్రాణం. షోరూము కారుని గంటకి 300 కిలోమీటర్లతో గోడకి కొడితే లోపల మనిషి మిగలడు. 2001 ఫిబ్రవరి 18 న డేటోనా 500 చివరి ల్యాపులో డేల్ ఎర్న్‌హార్ట్ గోడకి కొట్టుకుని చనిపోయాడు. ఆ రేసుల్లో ఆయన మనకి ఎన్టీఆర్ లాంటివాడు. బండి చూస్తే మరీ తుక్కయినట్టు కూడా లేదు. ఆయన పుర్రె అడుగుభాగం విరిగింది. ఆ ఏడు అక్టోబరు నుంచి తలనీ మెడనీ పట్టి ఉంచే సాధనం తప్పనిసరి చేశారు. తర్వాత గోడలకి దెబ్బని మింగే మెత్తటి బారియర్లు పెట్టారు. రోడ్డు బండికీ రేసు బండికీ మధ్య దూరం ఇందుకోసం పెరిగిందంటే నాకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, నెక్స్ట్ జెన్ కారు మరీ గట్టిగా తయారైంది. ఇది మనం సెకండియర్‌లో చదువుకున్నదే. దెబ్బ తగిలినప్పుడు ఆ శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. బండి నలిగితే బండిలో ఖర్చవుతుంది. బండి నలగనని మొండికేస్తే లోపలి మనిషి దాకా వస్తుంది. 2022 జులైలో పొకోనోలో క్వాలిఫయింగ్ అప్పుడు కర్ట్ బుష్ కారు వెనక భాగం గోడకి కొట్టుకుంది. పైకి చూస్తే పెద్ద ప్రమాదంలా లేదు. ఆయన తలకి తగిలిన అదురు తగ్గక 2023 లో రిటైర్మెంటు ప్రకటించాడు. అదే 2022 సెప్టెంబరులో టెక్సస్‌లో అలెక్స్ బోమన్‌కి కూడా అలాంటి దెబ్బే తగిలి 5 రేసులు మానుకున్నాడు. దాంతో 2023 కల్లా వెనక భాగంలో కొన్ని కమ్మీలు తీసేసి, కొన్ని సన్నం చేసి, బండి నలిగేలా మార్చారు. రోడ్డు కార్లు క్రంపుల్ జోన్ పేరుతో దశాబ్దాలుగా చేస్తున్న పనిని, వాటి పేరు పెట్టుకున్న రేసు కారు దెబ్బలు తిని నేర్చుకుంది. ఈసారి పాఠం వచ్చింది షోరూము వైపు నుంచి!

ఇంతకీ మనకెందుకీ అమెరికా గోల అంటారా? మన ఊళ్ళో రేసు జరిగిన రోజు నుంచీ ఇది నన్ను తొలుస్తూనే ఉంది కాబట్టి. 2023 ఫిబ్రవరి 11 న హుస్సేన్‌సాగర్ ఒడ్డున, కొత్త సచివాలయం చుట్టూ ఫార్ములా ఈ జరిగింది. అంతకుముందు మన దేశంలో ఎఫ్ఐఏ ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు అంటే 2013 లో నోయిడా దగ్గర జరిగిన ఫార్ములా వన్నే. అప్పుడు నేనుండేది అమీర్‌పేట రూములోనే. ట్యాంక్‌బండ్ వైపు రోడ్లు మూసేసరికి ఆ ట్రాఫిక్ అంతా పంజాగుట్ట చౌరస్తాలో తేలింది. నేను మెట్రో ఎక్కి ఖైరతాబాద్‌లో దిగి నడిచాను. బండ్లు వెళ్తుంటే మిక్సీలో కొబ్బరి వేసినట్టు సన్నటి కీచు శబ్దం. గెలిచింది జాన్ ఎరిక్ వెర్న్. మనవాళ్ళు మాట్లాడుకున్నది మాత్రం జాగ్వార్ గురించి. ఆ జట్టు రెండు కార్లూ ఒకదాన్నొకటి గుద్దుకుని రెండూ పోయాయి. జట్టు పూర్తి పేరు జాగ్వార్ టీసీఎస్ రేసింగ్. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో సగం మంది టీసీఎస్సే, ఆ రాత్రి వాళ్ళకి నిద్ర లేదు. (2024 లో ఆ జట్టే టీమ్ ఛాంపియన్‌షిప్ కొట్టింది, అది కూడా చెప్పాలి.) ఆ పక్కేడు జరగాల్సిన హైదరాబాద్ రేసు రద్దయింది. రేసు కోసం చెల్లించిన డబ్బు మీద తర్వాత కేసులు, కోర్టులు. ఆ గొడవ ఇక్కడ వద్దు.

ఫార్ములా ఈ వాళ్ళు తమది స్టాకు కారని ఎప్పుడూ అనలేదు. ఒంటి సీటు, బయటికి కనిపించే చక్రాలు, ఎవరూ మోసపోయే ప్రశ్నే లేదు. చాసిస్, బ్యాటరీ అందరికీ ఒకటే. మోటారు, ఇన్వర్టరు, వాటిని నడిపించే సాఫ్ట్‌వేరు ఎవరివి వాళ్ళవి. ఆ కారు బ్యాటరీ సుమారు 47 యూనిట్లే (కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే). మహీంద్రా బీఈ 6 కారులో పెద్ద బ్యాటరీ 79 యూనిట్లు! రేసు కారుకి బ్రేకు వేసినప్పుడల్లా మోటార్లు కరెంటుని వెనక్కి పంపుతాయి. రేసులో వాడే శక్తిలో 40 శాతం దాకా అలా వచ్చేదేనట. వెనక చక్రాలకి మామూలు బ్రేకులే లేవు. ఆ సామర్థ్యమంతా కోడులోనే ఉంది. ఇది మన పండగ కదా అనిపించింది నాకు.

మరి ఆ కోడు మనం కొనే కారులోకి వస్తుందా? ఒక్కసారైనా వచ్చింది. 2018 నుంచి 2020 దాకా ఫార్ములా ఈ తో పాటు జాగ్వార్ వాళ్ళు ఐపేస్ ఈట్రోఫీ అని ఇంకో రేసు నడిపారు. అందులో పరిగెత్తినవి షోరూములో అమ్మే ఐపేస్ ఎలక్ట్రిక్ కార్లే, పంజరం బిగించి, సీట్లు పీకేసి. ఆ రేసుల్లో తెలిసిన సంగతులతో ముందు వెనక మోటార్ల మధ్య పని పంపకం, చల్లబరిచే పద్ధతి మార్చి 2019 డిసెంబరులో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చారు. అప్పటికే కారు కొన్నవాళ్ళకి ఒక్కసారి చార్జి చేస్తే 20 కిలోమీటర్ల దాకా ఎక్కువ వెళ్ళే అవకాశం, పైసా ఖర్చు లేకుండా. ఉద్యోగంలో ఇన్ని రిలీజులు చూశాను గానీ, ప్రొడక్షన్‌లో ఉన్న యూజరుకి ఇంత మేలు చేసిన ప్యాచ్ నేనైతే పంపలేదు. ట్రాకు మీద తిరిగిందీ, ఇంటి ముందు నిలబెట్టిందీ ఒకటే బండి కాబట్టే ఇది కుదిరింది. (ఆ ఐపేస్ తయారీ కూడా 2024 లో ఆగిపోయింది. బ్రిటన్‌లో 2024 నవంబరు నుంచి కొత్త జాగ్వార్ల అమ్మకమే ఆపేశారు. రేసు జట్టు మాత్రం పరిగెడుతూనే ఉంది, మన కమారో లాగా.)

మన దేశంలో దీనికి పూర్తి తిరగబడిన కథ ఒకటుంది. 2010 నుంచి ఫోక్స్‌వాగన్ వాళ్ళు పోలో కప్ అని రేసులు పెట్టారు. మన రోడ్ల మీద తిరిగే పోలోనే, కుర్రాళ్ళు నడిపే రేసు. లోపల ఇనప పంజరం, రేసు సీటు బెల్టులు, హెల్మెట్లు. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దగ్గర అమ్మే 5 చిన్న కార్లని గంటకి 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. ఆల్టో 800, నానో, ఫిగో, ఐ10, పోలో. పెద్దవాళ్ళ రక్షణలో ఐదింటికీ సున్నా. పోలో బాడీ గట్టిగానే నిలబడింది, కానీ ఆ కింది వేరియంటులో ఎయిర్‌బ్యాగులే లేవు. అదే పోలోకి రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టి మళ్ళీ గుద్దిస్తే 4 స్టార్లు! కంపెనీ వెంటనే ఎయిర్‌బ్యాగులు లేని పోలోని ఆపేసింది, అది మెచ్చుకోవాలి. కానీ అప్పటిదాకా జరిగిందేంటి? ఆదివారం ట్రాకు మీద హెల్మెట్ పెట్టుకున్న కుర్రాడి చుట్టూ పంజరం, సోమవారం అదే పేరున్న కారులో పిల్లల్ని స్కూలుకి తీసుకెళ్ళే తండ్రి ముందు ఉత్త స్టీరింగు. మన దేశంలో అన్ని కార్లకీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జులై నుంచే.

అందుకే రేసు కారు చూడ్డానికి మన కారులా ఉందా లేదా అన్నదాని మీద నాకు పెద్ద పట్టింపు లేదు. అక్కడి నుంచి ఇక్కడికి ఏం దిగుతోంది అన్నదే చూస్తాను. రెక్క దిగింది ఒకప్పుడు. 20 కిలోమీటర్లు దిగాయి ఇంకొకప్పుడు. ఈ మధ్య ఎక్కువగా దిగుతున్నవి స్టిక్కర్లు. 2025 నవంబరులో బీఈ 6 కి 'ఫార్ములా ఈ ఎడిషన్' అని వచ్చింది. ముందు లైట్ల ఆకారం మారింది, ఒంటి నిండా గీతలు, నారింజ రంగు మెరుగులు. బ్యాటరీ, మోటారు మామూలు బీఈ 6 వే. రేసు కారు షోరూము కారు లైట్ల బొమ్మ అతికించుకుంటే, షోరూము కారు రేసు బొమ్మలు అతికించుకుంటోంది. ఎవరికి ఎవరు బాకీయో తెలియడం లేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా నాన్న సూర్యాపేట డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళు హైవే మీద బండి తోలారు గానీ సొంత కారు ఎప్పుడూ లేదు. అమ్మకి నెలకోసారి నిమ్స్‌లో చూపించాలి. విజయవాడ హైవే మీద వాళ్ళిద్దరూ ఎవరి కారులోనో వస్తుంటే నాకు మనసు నిలవదు. అక్కా నేనూ చెరిసగం వేసుకుని కొందామనుకున్నాం. పంజాగుట్ట నుంచి సోమాజిగూడ వెళ్ళే దారిలో ఒక షోరూముకి నాన్నని తీసుకెళ్ళాను. అమెరికాలో అర్ధరాత్రి అయినా బావ వీడియో కాల్‌లో హాజరు.

సేల్స్ కుర్రాడు మమ్మల్ని నేరుగా ఒక ఎర్ర కారు దగ్గరికి తీసుకెళ్ళాడు. రేసింగ్ ఎడిషన్ అట. నల్ల పైకప్పు, తలుపుల మీద గీతలు, సీట్లకి ఎర్రదారం కుట్లు, వెనక చిన్న రెక్క. "సార్, దీంట్లో రేసింగ్ డీఎన్ఏ ఉంది" అన్నాడు. ఫోనులో బావ తల ఊపాడు. ఇంజనులో ఏమైనా తేడా ఉందా అని అడిగాను. లేదన్నాడు. బ్రేకులు? అవే. టైర్లు? అవే, కానీ చక్రాలకి నల్లరంగు. మామూలు దానికంటే ముప్పై ఎనిమిది వేలు ఎక్కువ. ఇంకా తవ్వితే తేలిందేంటంటే ఆ ఎడిషన్ కట్టింది మధ్య వేరియంటు మీద. పక్కల ఎయిర్‌బ్యాగులూ, వెనక మధ్య సీటుకి సరైన బెల్టూ దాని పైన ఉన్న మామూలు వేరియంటులో ఉన్నాయి. గీతలకి పెట్టే డబ్బుకి ఇంకొంచెం కలిపితే అది వస్తుంది.

నాన్న అప్పటికే వంగి కారు కిందకి చూస్తున్నారు. ఆయన అలవాటది. లేలాండు ఫ్యాక్టరీ నుంచి బోడి చాసిస్‌ని తలకి తువ్వాలు చుట్టుకుని తోలుకొచ్చే డ్రైవర్లని మీరూ హైవే మీద చూసే ఉంటారు, క్యాబిన్ ఉండదు, అద్దం ఉండదు, ఎండా వానా అన్నీ మొహం మీదే. అలా వచ్చినవాటికి మియాపూర్‌లో బాడీ కట్టి రంగేస్తే పల్లెవెలుగో ఎక్స్‌ప్రెస్సో అవుతుంది. పైన రంగుని బట్టి టికెట్టు, కింద బండిని బట్టి డ్రైవరు పని. అందుకని ఆయన ఏ బండినైనా కింద నుంచే చూస్తారు.

లేచి చేతులు దులుపుకుని, "బాబూ, ఈ గీతలకు ముప్పై ఎనిమిది వేలా?" అన్నారు ఆ కుర్రాడితో.

"గీతలే కాదు అంకుల్, స్పాయిలర్ కూడా ఉంది. స్పీడులో బండి నేలకి అతుక్కుని ఉంటుంది."

"నేను ఎనభై దాటను."

బావ ఫోనులోంచి, "మామయ్యా, అమెరికాలో ఇట్లాంటి ఎడిషన్లకి రీసేల్ బాగుంటుంది" అన్నాడు.

"అమ్మడానికి కొంటున్నమా అల్లుడుగారూ?" అన్నారు నాన్న. బావ మ్యూట్ చేసుకున్నాడు.

తర్వాత నాన్న వెనక సీట్లో కూర్చున్నారు. మధ్యలో. బెల్టు కోసం చేత్తో వెతికారు. నడుముకి పెట్టుకునే పట్టీ ఒకటి దొరికింది. "మీ అమ్మ ముందు కూర్చోదురా, ఆమెకు భయం. వెనక మధ్యలో కూర్చుని రోడ్డు చూస్తది" అన్నారు. పైవేరియంటు డెమో కారు బయట ఉందంటే వెళ్ళి అందులోనూ మధ్యలో కూర్చున్నారు, ఈసారి బెల్టు భుజం మీదుగా వచ్చింది. రెండుసార్లు గట్టిగా గుంజి చూశారు. నేను భారత్ ఎన్‌క్యాప్ గురించి చెప్పాను, 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే కార్లని గుద్దించి స్టార్లు ఇస్తున్నారని. ఆయనకి ఆ స్టార్ల సంగతి నచ్చింది. "సర్కారోళ్ళు గుద్ది చూసిన్రంటే మంచిదే. ఈ గీతలదాన్ని కూడా గుద్దిన్రా?" అని అడిగారు. ఆ కుర్రాడు కంప్యూటర్లో చూసి చెప్తానన్నాడు, తర్వాత కాఫీ తెప్పించాడు.

మొత్తానికి మామూలు తెల్ల కారు, పైవేరియంటు రాయమన్నాం. అడ్వాన్సు కట్టాక రసీదు ఇస్తూ చెప్పాడు. రేసింగ్ ఎడిషన్ అయితే శనివారమే ఇచ్చేస్తారట, గోడౌన్లో నాలుగున్నాయి. మేమడిగిన మామూలు కారు మాత్రం స్టాకులో లేదు. ఆరు వారాలు ఆగాలి.